మిషన్ ఇంటికొచ్చింది, డిజైను ఎక్కించడం ఎవరు నేర్పుతారు?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మహిళల స్వయం ఉపాధి గురించి మీ పత్రికలో వచ్చే కథనాలను నేను క్రమం తప్పకుండా చదువుతాను. వాటిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మిషన్ ఖరీదు ఎంత, బ్యాంకు అప్పు ఎలా దొరుకుతుంది, పెళ్లిళ్ల కాలంలో బ్లౌజుకు ఎంత గిట్టుబాటవుతుంది అనే విషయాలు వివరంగా ఉంటాయి. అవన్నీ అవసరమైనవే. కానీ మిషన్ ఇంట్లో దిగిన మరునాడు ఉదయం ఆ మహిళకు ఎదురయ్యే మొదటి ప్రశ్న, అంటే డిజైను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి, తెచ్చుకున్నదాన్ని మిషన్‌లోకి ఎలా ఎక్కించాలి అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. తొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నేను చూసినంతలో కొత్తగా మిషన్ కొన్నవారు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. నాకు తెలిసిన ఇళ్లలోనే మూడు మిషన్లు పాత చీర కప్పుకుని మూలన ఉన్నాయి. వాటి యజమానురాళ్లలో ఏ ఒక్కరికీ కుట్టు రాక కాదు. అందుకే ఈ ఉత్తరం పొడవైనా సరేనని రాస్తున్నాను.

మాది ధర్మవరం. నాన్నగారు పట్టుచీరలు నేసేవారు. నేను కుట్టు నేర్చుకున్నాను. పట్టుచీరల మీదికి వర్క్ బ్లౌజులు అడిగేవారు పెరగడంతో మొదట గుడ్డ బిగించే ఫ్రేము చిన్నదిగా ఉన్న ఇంటి మిషన్, కొన్నేళ్లకు సింగిల్ హెడ్ మిషన్, అంటే ఒకే కుట్టు తల ఉన్న పెద్ద మిషన్ కొన్నాను. మొదటి మిషన్ అమ్మిన దుకాణం నుంచి వచ్చిన అబ్బాయి దారం ఎక్కించడం, బాబిన్ చుట్టడం, ఫ్రేములో గుడ్డ బిగించడం ఓపికగానే చూపించి, మిషన్‌లో ముందే ఉన్న ఒక పువ్వును కుట్టించి, గంటన్నరలో వెళ్లిపోయాడు. బయటి డిజైను ఎలా పెట్టాలని అడిగితే "పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టడమే అక్కా" అన్నాడు. ఆ ఒక్క మాట వెనుక ఎన్ని మెట్లున్నాయో తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నాకు వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు మా వీధిలోని పెళ్లికూతురి బ్లౌజు. ఆకుపచ్చ పట్టు గుడ్డ, రెండు చేతుల మీద ఎదురెదురుగా నెమళ్లు కావాలన్నారు. నెట్‌లో డబ్బు కట్టి ఒక నెమలి డిజైను కొని, పెన్‌డ్రైవ్‌లో వేసి మిషన్‌కు పెట్టాను. తెర మీద ఖాళీ గడులు తప్ప ఏమీ రాలేదు. తీసి పెట్టాను, మిషన్ ఆపి మళ్లీ వేశాను, రాత్రి పదకొండు దాకా అదే పని. మరునాడు నెట్ సెంటరుకు వెళ్తే అక్కడి అబ్బాయి చూసి, నేను వేసింది జిప్ ఫైలని, అది డిజైన్లు కట్టిన మూట మాత్రమేనని, మూట విప్పకుండా మిషన్‌కు ఇస్తే అది చదవదని చెప్పాడు. విప్పి వేసుకుని వచ్చాను. అప్పుడూ కనిపించలేదు. నా పెన్‌డ్రైవ్ 64 జీబీది కావడంతో, అది నా మిషన్ చదవలేని పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. వేరే చిన్న పెన్‌డ్రైవ్ తెచ్చి పెడితే మూడోసారికి నెమలి కనిపించింది కానీ మిషన్ దాన్ని ఎంచుకోనివ్వలేదు. ఫ్రేము 100 మిల్లీమీటర్లు, నెమలి 104 మిల్లీమీటర్లు. పెళ్లి నాలుగు రోజుల్లో ఉంది. ఆ నెమళ్లను చివరికి మగ్గం వర్క్ చేసే ఒక ఆవిడ చేత రెండు రాత్రులు కూర్చోబెట్టి కుట్టించి ఇచ్చాను. నాకు రూపాయి మిగల్లేదు. ఆ మూడు తప్పుల్లో ఒక్కటి కూడా కుట్టుకు సంబంధించింది కాదని, ఎవరైనా ఒక గంట కూర్చోబెట్టి చెప్పి ఉంటే మూడూ జరిగేవి కావని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అసలు డిజైను ఫైలు అంటే ఏమిటో ముందుగా చెప్పాలి, ఎందుకంటే గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. అది బొమ్మ కాదు. మా ఊళ్లో ఎవరికి చెప్పినా వెంటనే అర్థమయ్యే పోలిక, మగ్గం మీద డిజైను నేయించే జకార్డు అట్టలు. చీర అంచులో హంస రావాలంటే మగ్గానికి హంస బొమ్మ చూపిస్తే సరిపోదు. ముందు గ్రాఫు గీయాలి, గ్రాఫును బట్టి అట్టలకు చిల్లులు కొట్టాలి, అట్టలను వరుసగా తాడుతో కుట్టి జకార్డు పెట్టె మీద వేయాలి. ఏ అట్టలో ఎక్కడ చిల్లు ఉందో దాన్ని బట్టి ఆ పోగులు లేస్తాయి. నేత పూర్తయ్యాక చూసేవారికి హంస కనిపిస్తుంది కానీ మగ్గానికి తెలిసింది చిల్లులు మాత్రమే. ఎంబ్రాయిడరీ ఫైలు కూడా అంతే. సూది ఎటు ఎంత జరగాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ దారం తెంచాలి, ఎక్కడ రంగు మార్చడానికి ఆగాలి అనే ఆదేశాలు వరుసగా అందులో రాసి ఉంటాయి. పెద్ద మిషన్లన్నీ చదివే డీఎస్‌టీ ఫైలులో ఈ జరుగుడు మిల్లీమీటరులో పదో వంతు లెక్కన ఉంటుంది, ఒక్క జరుగుడులో 12.1 మిల్లీమీటర్లకు మించి కదలడానికి ఆ ఫైలులో వీలుండదు. డిజైను తయారు చేయడాన్ని మన వృత్తిలో ఈ రోజుకూ "పంచింగ్" అనే అంటారు. ఒకప్పుడు ఈ మిషన్లకు కూడా చిల్లులు కొట్టిన కాగితపు పట్టీలే ఎక్కించేవారు. ఆ తరువాత ఫ్లాపీలు, ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. మాట మాత్రం అట్టల కాలం నాటిదే మిగిలింది.

ఈ సంగతి తెలియనందువల్ల జరిగేదేమిటో నేను వారం వారం చూస్తున్నాను. సినిమా నటి కట్టుకున్న చీర ఫొటోనో, ఎవరో కుట్టిన బ్లౌజు ఫొటోనో వాట్సాప్‌లో పంపి "ఈ డిజైను మిషన్‌లో పెట్టేయండి" అంటారు. అడిగేవారు కస్టమర్లైతే సరే, మిషన్ కొన్నవారు కూడా అదే మాట అంటారు. ఒక చెల్లెలు ఫొటో ఫైలు పేరు చివర ఉన్న జేపీజీ అనే అక్షరాలు చెరిపి, డీఎస్‌టీ అని రాసి, ఇక కుడుతుందని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంది. సీసా మీద చీటీ మారిస్తే లోపలి నూనె నెయ్యి కాదు కదా! ఫొటో నుంచి కుట్టే ఫైలు రావాలంటే ఒక మనిషి సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని ఏ భాగం సాటిన్ కుట్టు, ఏ భాగం నింపుడు కుట్టు, దారం ఎటు నుంచి ఎటు పడాలి, ఏది ముందు ఏది తరువాత కుట్టాలి అని ఒక్కొక్కటే నిర్ణయించాలి. దానికి గంటలు పడుతుంది, డబ్బు పడుతుంది. కాబట్టి కొత్తవారు మొదట తయారుగా ఉన్న ఫైళ్లతో మొదలుపెట్టడమే మంచిది.

డౌన్‌లోడ్ చేసే ముందు తెలుసుకోవలసింది తన మిషన్ ఏ రకం ఫైలు చదువుతుందన్నది. ఇది మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. బ్రదర్ కంపెనీ ఇంటి మిషన్లకు పీఈఎస్, జనోమ్ మిషన్లకు జేఈఎఫ్, హస్క్‌వర్ణా వైకింగ్, ఫాఫ్ మిషన్లకు వీపీ3. టజిమా కంపెనీ మిషన్ల కోసం పుట్టిన డీఎస్‌టీని ఇప్పుడు సింగిల్ హెడ్, మల్టీ హెడ్ మిషన్లన్నీ, ఇంటి మిషన్లలో కూడా చాలా భాగం చదువుతున్నాయి. అమ్మేవారు సాధారణంగా ఒకే జిప్ మూటలో ఒకే డిజైనును ఈ అన్ని రకాలలోనూ పెట్టి ఇస్తారు. మూట విప్పగానే ఒకే పేరుతో ఏడెనిమిది ఫైళ్లు కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. మన మిషన్ రకం ఒక్కటి తీసుకుంటే చాలు. ఆ మూటలోనే ఈఎంబీ అని ఒక ఫైలు ఉందంటే అది పంచింగ్ చేసినవారి అసలు పని ఫైలు. దాన్ని మిషన్ చదవదు కానీ పారేయకూడదు. ఎందుకో కింద చెబుతాను.

రెండోది ఫ్రేము కొలత. ఇంటి మిషన్లలో ఎక్కువగా ఉండేవి నాలుగు అంగుళాల చదరం అంటే 100కి 100 మిల్లీమీటర్లు, ఐదుకు ఏడు అంగుళాలు అంటే 130కి 180 మిల్లీమీటర్లు. డిజైను కొలత దీనికంటే ఒక్క మిల్లీమీటరు మించినా చాలా మిషన్లు దాన్ని చూపించనే చూపించవు, లేదా చూపించి కుట్టవు. నా నెమలికి జరిగింది అదే. మన అవసరానికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వెనుక మెడ డిజైను భుజం నుంచి భుజం దాకా ఒకే ముక్కగా కావాలంటే చిన్న ఫ్రేములో పట్టదు. దాన్ని రెండు మూడు ముక్కలుగా చేసి, గుడ్డను ఫ్రేములో మళ్లీ మళ్లీ బిగించి, గుర్తులు కలుపుకుంటూ కుట్టాలి. అది అలవాటైనవారి పని. చిన్న మిషన్ కొన్నవారు చేతుల మీది బుటాలు, అంచు పూలు, పిల్లల గౌన్ల మీది బొమ్మలతో మొదలుపెడితే నష్టపోరు. మిషన్ కొనబోయేవారికి ఈ ముక్క ఎవరైనా ముందే చెబితే, వర్క్ బ్లౌజులే వ్యాపారంగా పెట్టుకోవాలనుకునేవారు చిన్న ఫ్రేము మిషన్ కొని ఆరు నెలలకే మారకానికి పెట్టే పరిస్థితి రాదు.

డౌన్‌లోడ్ చేసే చోట కూడా జాగ్రత్త అవసరం. ఉచిత డిజైన్లు ఇచ్చే సైట్లలో అసలు బటన్ కంటే ప్రకటనల బటన్లే పెద్దవిగా ఉంటాయి. డిజైను అడిగితే ఈఎక్స్‌ఈ అనో ఏపీకే అనో ముగిసే ఫైలు దిగితే దాన్ని తెరవకుండా తీసేయాలి. ఎంబ్రాయిడరీ డిజైను ఎప్పుడూ ప్రోగ్రాముగా, యాప్‌గా రాదు. ఫైలు కూడా చాలా చిన్నది, సాధారణంగా ఒక ఫొటో కంటే తక్కువే ఉంటుంది. ఫోన్‌లో దిగినదాన్ని నొక్కితే "ఈ ఫైలు తెరవడానికి యాప్ లేదు" అని వస్తుంది. చాలామంది అక్కడ ఫైలు పాడైందనుకుని మళ్లీ డబ్బు కడుతున్నారు. పాడవలేదు, దాన్ని చదివేది ఫోన్ కాదు, మిషన్. తెరవకుండానే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే సరిపోతుంది. వాట్సాప్‌లో ఎవరైనా డిజైను పంపాలంటే ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపాలి. అప్పుడే ఫైలు ఉన్నది ఉన్నట్లుగా వస్తుంది.

మూటలో ఒక పీడీఎఫ్ కాగితం కూడా ఉంటుంది. దాన్ని చూడకుండా వదిలేస్తారు కానీ నా లెక్కలో అదే సగం డిజైను. మొత్తం కుట్లు ఎన్ని, కొలత ఎంత, ఏ వరుసలో ఏ రంగు అన్నది అందులో ఉంటుంది. డీఎస్‌టీ ఫైలులో రంగులు ఉండవు, ఇక్కడ ఆగి దారం మార్చు అనే గుర్తు మాత్రమే ఉంటుంది. అందుకే తెర మీద నెమలి మెడ ఎర్రగా, తోక నల్లగా కనిపిస్తే ఫైలు తప్పనుకోకూడదు. మిషన్ తనకు తోచిన రంగులు చూపిస్తుంది, మనం కాగితంలోని వరుస ప్రకారం దారాలు పెట్టుకోవాలి. కుట్ల సంఖ్య ధర చెప్పడానికి కూడా ఆధారం. 18,000 కుట్ల డిజైను నిమిషానికి 600 కుట్ల వేగంతో నడిపితే సూది కదిలే కాలమే అరగంట. దారం మార్చడం, తెగితే మళ్లీ ఎక్కించడం దానికి అదనం. ఈ లెక్క తెలియక జత చేతులకు నోటికి వచ్చిన ధర చెప్పి, రాత్రంతా మిషన్ ముందు కూర్చున్నవారిని నేనెరుగుదును.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. మిషన్లలో ఎక్కువ భాగం ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసినదాన్నే చదువుతాయి. 64 జీబీ, అంతకు మించిన పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే పద్ధతిలో వస్తాయి. 32 జీబీ లోపుది, వీలైతే 8 జీబీదో 16 జీబీదో కొని, కంప్యూటరులో ఫార్మాట్ నొక్కేటప్పుడు ఫ్యాట్32 ఎంచుకోవాలి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్‌ను దీనికి వాడకండి, మిషన్‌కంటూ ఒకటి విడిగా ఉంచండి. కొన్ని మిషన్లు పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులో తమ సొంత ఫోల్డరు ఒకటి తయారు చేసుకుని, ఆ ఫోల్డరులో వేసిన డిజైన్లనే చూపిస్తాయి. అందుకే కొత్త పెన్‌డ్రైవ్‌ను ముందు ఖాళీగా మిషన్‌కు ఒకసారి పెట్టి, తరువాత కంప్యూటరులో చూసి, ఫోల్డరు ఏమైనా వచ్చిందేమో గమనించడం మంచి అలవాటు. ఫైలు పేరు చిన్నదిగా, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతోనే ఉండాలి. తెలుగులో పేరు పెట్టుకోవాలని నాకూ ఉంటుంది కానీ పాత మిషన్లు దాన్ని చదవలేవు. వందల డిజైన్లు ఒకే చోట కుక్కితే మిషన్ తెరవడానికే నిమిషాలు తీసుకుంటుంది, ఒక్కోసారి బిగుసుకుపోతుంది. ఆ రోజు కుట్టబోయే నాలుగైదు డిజైన్లే వేసుకుంటే చాలు. కాపీ అయిన వెంటనే పెన్‌డ్రైవ్‌ను లాగేయకుండా ఎజెక్ట్ చేసి తీయాలి. మిషన్ కుడుతున్నప్పుడైతే దాన్ని ముట్టుకోనే కూడదు.

కంప్యూటరు లేనివారు ఆగిపోనవసరం లేదు. ఓటీజీ పిన్ను ఒకటి కొని పెన్‌డ్రైవ్‌ను ఫోనుకు పెట్టుకుంటే, ఫోనులోని ఫైల్స్ యాప్‌తోనే మూట విప్పి, కావలసిన ఒక్క ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. మా ఇంట్లో ఇప్పుడు ఈ పని డెబ్బయ్యేళ్లు దాటిన మా అమ్మ చేస్తోంది. కొత్త మిషన్లలో కొన్నిటికి వైఫై ద్వారా ఫోను నుంచి నేరుగా పంపే వీలుంది. ఉంటే మంచిదే, కానీ దాని కోసమే ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం.

ఈ వృత్తిలో నేను చేసిన అతి పెద్ద తప్పు డిజైను కొలత మార్చడం. చిన్నగా ఉన్న ఒక మామిడిపిందె బుటాను వీపు మీదికి పెద్దగా కావాలన్నారు. పెద్ద మిషన్‌లో అప్పటికప్పుడు నూటికి నలభై వంతులు పెంచి కుట్టాను. పెంచినప్పుడు మిషన్ కుట్లను కొత్తగా లెక్కించలేదు, ఉన్న కుట్లనే దూరంగా జరిపింది. పిందె లోపల పట్టు గుడ్డ పళ్ల సందుల్లా కనిపించింది. ఇంకోసారి అదే పొరపాటు తలకిందులుగా చేశాను. పెద్ద డిజైనును సగానికి కుదిస్తే కుట్లన్నీ ఒకే చోట పడి, గుడ్డ అట్టలా బిగిసి, సూది విరిగి, విరిగిన ముక్క పట్టులో చిల్లు చేసింది. ఆ చిల్లును వేలితో తడిమినప్పుడు కలిగిన దిగులు నాకింకా గుర్తుంది. మామూలు దారానికి వరుసకూ వరుసకూ మధ్య 0.4 మిల్లీమీటరు ఎడం ఉండేలా డిజైన్లు తయారు చేస్తారు. కొలత మారిస్తే ఆ ఎడం మారిపోతుంది. నూటికి పది వంతుల దాకా మార్చుకుంటే ఇబ్బంది ఉండదు. అంతకు మించితే సాఫ్ట్‌వేర్‌లో కుట్లు మళ్లీ లెక్క కట్టించాలి. అప్పుడు అవసరమయ్యేదే పైన చెప్పిన ఈఎంబీ ఫైలు. ఎవరి దగ్గరైనా డబ్బిచ్చి పంచింగ్ చేయించుకునేటప్పుడు డీఎస్‌టీ ఒక్కటే తీసుకుని వచ్చేయకుండా, ఈఎంబీ కూడా ఇస్తారా అని ముందే అడిగి మాట్లాడుకోవాలి.

సాఫ్ట్‌వేర్ అనగానే లక్షలు అనుకోనవసరం లేదు. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌కు అనుబంధంగా పనిచేసే ఇంక్‌స్టిచ్ పూర్తిగా ఉచితం. ఒక రకం ఫైలును మరో రకంలోకి మార్చడానికి, కుట్టే ముందు తెర మీద కుట్టినట్టుగా నడిపించి చూడటానికి అది చాలు. విల్‌కామ్ కంపెనీ ఇచ్చే ట్రూసైజర్‌ కూడా డిజైను చూసుకోవడానికి, రకం మార్చుకోవడానికి ఉచితంగా దొరుకుతుంది. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వేసి ఇస్తామని తిరిగేవారి దగ్గరికి వెళ్లి వైరస్ తెచ్చుకునే కంటే ఇవి వెయ్యి రెట్లు మేలు. ఏ డిజైనైనా సరే, కస్టమరు గుడ్డ మీద పెట్టే ముందు అదే రకం పాత గుడ్డ ముక్క మీద, గుడ్డ ముడుచుకోకుండా కింద వేసే పేపరు కూడా అదే రకంది వేసి, ఒకసారి కుట్టి చూడాలి. జరీ దారంతో కుట్టబోతుంటే ఇది మరీ తప్పదు, ఎందుకంటే మామూలు దారానికి చేసిన డిజైనులో జరీ మాటిమాటికీ తెగుతుంది.

ఇంకొక విషయం చెప్పకుండా ఉండలేను. "లక్ష డిజైన్లు, ఒకే పెన్‌డ్రైవ్" అని అమ్మకాలు సాగుతున్నాయి. కొత్తవారు ఆశపడి కొంటున్నారు. నేనూ ఒకటి కొన్నాను. అందులో సగం పేర్లు అంకెలే, ఏది ఏ కొలతో తెలియదు, రంగుల కాగితం ఒక్కదానికీ లేదు, కొన్ని మధ్యలో ఆగిపోతాయి, ఒకే పువ్వు ఇరవై పేర్లతో ఉంటుంది. కానీ నన్ను ఎక్కువగా బాధించింది అది కాదు. మా ఊళ్లోనే పంచింగ్ చేసే ఒక తమ్ముడు మూడు రోజులు కూర్చుని చేసిన మెడ డిజైను, అతను తన గుర్తుగా మూలన పెట్టే చిన్న చుక్కతో సహా, అందులో కనిపించింది. అతనికి దాని మీద వచ్చింది ఒక్క కస్టమరు ఇచ్చిన డబ్బే. మనం నేసిన చీరను మరమగ్గం మీద నకలు తీసి సగం ధరకు అమ్మితే కడుపు మండే ఊరు మాది. ఆ మంట తెలిసినవాళ్లం ఇంకొకరి పనిని ఎలా పంచుకుంటాం? డిజైను అమ్మేవారిలో ఎక్కువమంది, కుట్టిన బట్టను అమ్ముకోవచ్చు గాని ఫైలును ఎవరికీ ఇవ్వకూడదని స్పష్టంగానే రాస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో ఫైళ్లు వేసుకునే చెల్లెళ్లకు ఇది తెలియజేయాలి. తెలిస్తే చాలామంది మానుకుంటారని నా నమ్మకం.

ఇక నేను అడగదలచుకున్నది. మిషన్ అమ్మే దుకాణాల వారు అమ్మిన రోజున కుట్టు చూపించి వెళ్లిపోకుండా, కొన్న మనిషి చేతే, ఆమె సొంత ఫోనుతోనే, ఒక డిజైను దింపించి, మూట విప్పించి, పెన్‌డ్రైవ్‌లో వేయించి, మిషన్ తెర మీద కనిపించేదాకా ఉండి వెళ్లాలి. దీనికి పట్టేది ఒక గంట. లక్ష రూపాయల దాకా, ఒక్కోసారి అంతకు ఎన్నో రెట్లు పెట్టి కొన్నవారికి ఆ గంట ఇవ్వడం భారం కాకూడదు. మిషన్‌తో వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. ఆ మిషన్ ఏ రకం ఫైలు చదువుతుంది, ఫ్రేము కొలత ఎంత, పెన్‌డ్రైవ్ ఎలాంటిది కావాలి, ఏ ఫోల్డరులో వేయాలి అన్న నాలుగు సంగతులు తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి ఇస్తే ఎంతమందికి మేలో చెప్పలేను.

ప్రభుత్వ శిక్షణల వారికి కూడా ఇదే మనవి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని ఉంది. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. బ్యాంకుల ఆధ్వర్యంలో జిల్లాల్లో నడిచే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో మహిళలకు కుట్టు నేర్పుతున్నారు. అక్కడ కుట్టు నేర్చినవారే రెండేళ్లు తిరిగేసరికి అప్పు తెచ్చుకుని ఎంబ్రాయిడరీ మిషన్ వైపు వస్తున్నారు. ఆ శిక్షణల చివరలో ఒక్క పూట, ఒక మిషన్, ఒక ఫోను, ఒక పెన్‌డ్రైవ్ పెట్టి ఈ పని చేతితో చేయిస్తే చాలు. బల్ల మీద రాసి చెబితే రాదు, నాకు రాలేదు. ఒక్కొక్కరు సొంతంగా ఒక చిన్న పువ్వును దింపి, ఎక్కించి, కుట్టి చూపించినప్పుడే ధైర్యం వస్తుంది. డ్వాక్రా సంఘాల ద్వారా అప్పులిచ్చే అధికారులు కూడా, మిషన్‌కు సంతకం పెట్టే ముందు ఆ మహిళకు ఈ పూట శిక్షణ అందిందా అని ఒక్కసారి అడగాలని కోరుతున్నాను. పాత చీర కింద మిషన్ ఆగిపోయినా వాయిదా ఆగదు.

మీ పత్రికకు నాదొక విన్నపం. మహిళల పేజీలో, వారానికి ఒకసారి కాకపోయినా నెలకొకసారి, ఈ పనిలో ఒక్కొక్క మెట్టును బొమ్మలతో వేయండి. ఒక నెల మూట విప్పడం, ఒక నెల పెన్‌డ్రైవ్ ఫార్మాట్, ఒక నెల రంగుల కాగితం చదవడం. అక్షరాలు కొంచెం పెద్దవిగా వేయండి. మాలో చాలామంది ఆ ముక్కను కత్తిరించి మిషన్ వెనుక గోడకు అంటించుకుంటారు, దారం ఎక్కిస్తూ అక్కడి నుంచే చదువుకుంటారు. రాయడానికి మనిషి కావాలంటే, పొద్దున పదకొండు లోపు అయితే నాకు వీలవుతుంది. ఆ తరువాత మిషన్ మీద కూర్చుంటాను.

ఇట్లు,
కంప్యూటర్ ఎంబ్రాయిడరీ పనిలో ఉన్న ఒక పాఠకురాలు,
ధర్మవరం.